పైన ఎవరూ లేరు

మైపాడు ఇసుకలో మొదటి సంచి.
రావణాసురుడి మీసం వేలు గుచ్చింది.
నెత్తురు చుక్క లేబుల్ మీద పడితే
దాని పక్కనే రాశాను: ఎత్తు, రెండు మీటర్లు.

రెండోది ఆత్మకూరు దాటాక, రోడ్డు పక్క గరిక.
మూడోది ఉదయగిరి దుర్గం మెట్ల మొదట్లో పందిముళ్ల గడ్డి,
నేను సంచిలో వేసింది కొంత,
సాక్సులు పట్టుకుని తనే ఇంటిదాకా వచ్చింది కొంత.
నాలుగోది ఎక్కడో సగం కొండ మీద,
ఊపిరి ఆడక కూలబడ్డ చోట.
శాస్త్రం మరీ అంత నిక్కచ్చిది కాదు,
మోకాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ శాంపిల్.

ఐదోది కోట గోడ పగుల్లో, కామంచి గడ్డి.
నలిపితే నిమ్మ వాసన.
గోడ కట్టిన కూలీల పేర్లు ఎవరికీ గుర్తు లేవు,
గోడ ఎక్కడ చీలిందో మాత్రం
గడ్డికి ఏటా గుర్తే.

"ఏందమ్మా, కసువుకి జొరమొచ్చిందా?"
జొడిపి గొర్రెల్ని అదిలిస్తూ మాలకొండయ్య.
లేదు పెద్దాయనా, ఆకులో బూజు ఉంటుంది, దానికోసం.
"బూజయితే తెల్లంగా కనపడదా?"
ఇది కనపడదు. జబ్బు చెయ్యదు.
కొన్నిట్లో విత్తనంలోనే చేరి
తల్లి నుంచి బిడ్డకి పోతుంది.
ఎండకి గడ్డి కాస్త ఓర్చుకునేలా చూస్తుందంటారు.
వేపపుల్ల ఇటు నుంచి అటు మార్చాడు.
"అయితే బాడుగ సరిగ్గా కట్టే మనిషే."

తర్వాత, నేను అడగకుండానే:
"ఈ గోడకాడ కసువు నా గొర్రెలు ముట్టవు.
వానలు పడిన ఏడు ముట్టవు.
కరువేడు యాడా ఏమీ దొరక్క తింటాయి,
తిని తూగతాయి.
మా అమ్మ దాన్ని మత్తుకసువు అనేది.
నువ్వు ఎతకతా ఉండేది దాన్నేనేమో జూడు."

నోట్‌బుక్‌లో ఆ మాటకి గడి లేదు.
మార్జిన్‌లో రాసుకున్నాను, పెన్సిల్‌తో.

నెల్లూరు. ల్యాబ్‌లో కరెంటు రెండుసార్లు పోయింది.
ఆకుల్ని స్పిరిట్‌లో, బ్లీచింగ్ నీళ్లలో, మళ్లీ స్పిరిట్‌లో ముంచి
ఒక్కోదాన్నీ ఒక ఉత్త ప్లేటు మీద
వేలిముద్రలా అద్ది తీసేశాను.
అక్కడ ఏదైనా మొలిస్తే నా కడగడం తప్పు.
ఆ తర్వాతే గోరంత ముక్కలు కోసి
బంగాళాదుంప గంజి గడ్డకట్టిన ప్లేట్లలో పరిచాను.

ఎనిమిదో రోజు
మైపాడు ముక్కల అంచున బూడిదరంగు నూగు, ఒకటే రకం.
గరికలో దాదాపు ఏమీ లేదు,
రెండేళ్లుగా వాన మొహం చూడని నేల అది.
సగం కొండలో, నా మోకాళ్ల పుణ్యమా అని,
గులాబి, నలుపు, పాచిరంగు,
పేరు తెలియనివి కలిపి పదకొండు.
కోట గోడ ముక్కలు ఉలకలేదు, పలకలేదు.
పదమూడో రోజు ఒక్కటి వచ్చింది, తెల్లగా, మెల్లగా,
చల్లటి చోటు నుంచి దిగొచ్చిన చుట్టం
మా ఊరి ఎండకి తలుపు ఓరగా తీసినట్టు.

"ఒక కొండ, ఒక ఏడు. దీంతో ఏం చెప్పలేం" అన్నారు మేడం.
నిజమే.
వానదెంత, ఎత్తుదెంత, ఉప్పుగాలిదెంత,
వాటాలు తేల్చాలంటే ఇంకో నాలుగేళ్లు ఎక్కి దిగాలి.
నా ఫెలోషిప్ మార్చిదాకే.

అద్దిన ప్లేట్లు ఇంకా పారెయ్యలేదు.
ఐదూ ఖాళీ.
ట్యూబులైటుకి ఎత్తి చూస్తే
ఈనెల గీతలు మాత్రం, అచ్చు పడి.
పైన ఎవరూ లేరు.
వచ్చినవాళ్లంతా లోపలి నుంచే.

ఈ మాట చెబుదామనే ఫోన్ చేశాను.
అటు గాలి, గొర్రెల మెడగంటలు,
సగం విన్నాడో లేదో.
"దుర్గం పైన వాన పడతా ఉండాదమ్మా" అన్నాడు,
"ఈ ఏడు ముట్టవులే."